సగం నిఘంటువు

నేను ఒక నిఘంటువును. గర్వంగానే మొదలుపెట్టాను గానీ వెంటనే సర్దుకోవాలి. సగం నిఘంటువును. డచ్చి మాటకు ఇంగ్లీషు అర్థం చెప్పే సంపుటాన్ని. ఇంగ్లీషు మాటకు డచ్చి చెప్పే సంపుటం నాకు కవల. హాలెండులోని ఒక అచ్చాఫీసులో కలిసి పుట్టాం, ఒకే అట్టపెట్టెలో దుకాణానికి చేరాం, అక్కడ విడిపోయాం. అందుచేత ఎదుటివాళ్లు ఏమన్నారో నన్నడిగితే చెబుతాను. తిరిగి మీరేమనాలో మాత్రం నన్నడిగి లాభం లేదు.

నా మొదటి యజమాని ఒక హైస్కూలు కుర్రాడు. నాలో ఉన్న వేల మాటల్లో అతను వెతికినవి బూతులే. ఆ నాలుగు పేజీలూ నలిగిపోయాయి, మిగతా పాండిత్యమంతా కొత్త చీర మడతలా అలాగే ఉండిపోయింది. తర్వాత ఒకావిడ నన్ను కొని, ఊగే బల్ల కాలి కింద పెట్టింది. నిజం చెప్పాలంటే, నావల్ల ఒక ఇంట్లో స్థిరత్వం ఏర్పడింది ఆ కాలంలోనే. ఆవిడ బల్ల మార్చింది, నేను లైడెన్ పట్టణంలో పాత పుస్తకాల కొట్టుకు చేరాను.

అక్కడ నన్ను కొన్నది సత్యవేణి. ఆమెది బందరు, వలందపాలెం. వలందులంటే డచ్చివాళ్లని, కలంకారీ బట్టల కోసం ఓడలేసుకొచ్చి ఒకప్పుడు అక్కడ మకాం పెట్టారని ఆమెకు డిగ్రీకొచ్చాక గానీ తెలియలేదు. పుట్టి పెరిగిన పేట పేరుకు అర్థం తెలియకుండా బతికేశానే అని సిగ్గుపడింది. ఆ వలందులు రాసుకున్న కాగితాల్లో తన ఊరు ఎలా ఉందో స్వయంగా చదవాలని పంతం పట్టి, స్కాలర్‌షిప్పు సంపాదించి, డచ్చి భాషాసంస్కృతులు చదవడానికి విశ్వవిద్యాలయంలో చేరింది. చవగ్గా కనిపించానని నన్ను కొనేసి, గదికి వెళ్లాక సగమే ఉన్నానని గమనించింది.

“అయ్యో, నా ఖర్మ!” అంది.

నేను విన్న మొదటి తెలుగు మాట అదే. దాని అర్థం నాలో లేదు గానీ, అది నన్నుద్దేశించేనని తెలిసిపోయింది.

సత్యవేణి ఉన్న మేడగది హెండ్రికా గారిది. ఆవిడ రిటైరైన నర్సు, కింద వాటాలో ఒక్కతే ఉంటుంది. ఒక ఆదివారం మధ్యాహ్నం బఠాణీల సూప్ కాచి, “తాగుతావా?” అని అడిగింది. ఇల్లంతా కమ్మటి వాసన. పొద్దున్నుంచీ ఏమీ తినని సత్యవేణి చిరునవ్వు నవ్వి, “అబ్బే, వద్దండి” అంది. హెండ్రికా గారు గిన్నెకు మూత పెట్టి ఫ్రిజ్జులో పెట్టేసింది.

సత్యవేణి ఆ ఫ్రిజ్జు తలుపు వంకే చూస్తూ కాసేపు నిలబడి, గదికొచ్చి రొట్టె ముక్క నమిలి, పిన్నికి ఫోను చేసింది.

“తాగుతావా అన్నారు పిన్నీ. మళ్లీ అడగలేదు.”

“ఒక్కసారి అడగ్గానే తాగేస్తావటే? మనమేమన్నా మొహంవాచి ఉన్నామా? ఇంకోసారి అడగనియ్యి, ఆనక తాగుదువుగాని.”

ఆ ఇంకోసారి ఎన్ని వారాలైనా రాలేదు. డచ్చిలో వద్దు అనడానికి ‘నే’ అంటారు. నాలో దాని ఎదురుగా ‘నో’ అని ఒక్క ముక్క అచ్చేసి ఉంది. వ్యాకరణం, ఉచ్చారణ, అన్నీ నాలో ఉన్నాయి. ఈ పిల్ల ఆకలితో ఎందుకు ఉంటోందో మాత్రం లేదు.

సూపుతో పోతే బాధ లేకపోయేది. వసంతంలో, పాఠాలు చెప్పే ఫాన్ డెర్ మేర్ మాస్టారు ఆమెను తన గదికి పిలిపించాడు. బందరు నుంచి వలందులు పంపిన పాత కాగితాలను ఆ వేసవిలో ఒక బృందం చదవబోతోంది, అందులో విద్యార్థికి ఒక్క చోటుంది.

“నువ్వు చేరతావా?” అన్నాడు.

ఆమె ఒళ్లోని సంచిలో ఉన్నాను నేను. ఆమె గుండె కొట్టుకోవడం నా అట్టకు తగులుతోంది. దీనికోసమే కదా సముద్రాలు దాటి వచ్చింది!

“నేనాండీ? నేనంతటిదాన్ని కాదండీ” అంది.

“సరే. దాచుకోకుండా చెప్పినందుకు సంతోషం” అని ఆయన చేయి కలిపాడు. సాయంత్రానికల్లా ఆ చోటు ఇంకో అమ్మాయికి ఇచ్చేశాడు.

సత్యవేణి వంటింట్లో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. హెండ్రికా గారు కంగారుపడి నాడి కూడా చూసింది. సంగతంతా విని, “మరి వద్దన్నావెందుకు?” అంది.

“మా వైపు మొదటి ‘వద్దు’కి ‘మళ్లీ అడగండి’ అని అర్థమండీ.”

హెండ్రికా గారు కుర్చీలో కూలబడింది. “అయితే... ఆ సూపు?”

“కావాలండీ” అంది సత్యవేణి ముక్కు తుడుచుకుంటూ.

“దేవుడా! ఇన్నాళ్లూ నా వంట నీకు నచ్చదనుకున్నాను! లే, వెళ్లి ఆ మాస్టారికి నిజం చెప్పు.”

మర్నాడు ఉదయం మాస్టారి గది బయట నిలబడి, ‘మొహమాటం’ అనే మాటకు డచ్చిలో ఏమంటారోనని నన్ను అటూ ఇటూ తిరగేసింది. పాపం, ఎవర్ని అడుగుతోంది! ఆ సాయం చేయాల్సింది నా కవల. వాడున్నా చేసేవాడు కాదనుకోండి, ఆ మాటకు ఇంగ్లీషే లేదు. చివరికి నన్ను మూసేసి, తనకు వచ్చిన మాటలతోనే లోపలికి వెళ్లింది.

“నిన్న నేను వద్దన్నది నిజం కాదండీ. నాకది కావాలి. చాలా కావాలి.”

మాస్టారు కళ్లజోడు తీశాడు. “ఆ అమ్మాయికి మాట ఇచ్చేశాను. వెనక్కి తీసుకోలేను.”

“తెలుసండీ. అయినా చెప్పాలనిపించింది.”

“మరి నిన్న ఎందుకు కాదన్నావు?”

“మీరు మళ్లీ అడుగుతారని.”

“మళ్లీ అడిగితే నీ మాట నేను నమ్మనట్టు కదా! మేం అలా అడగం” అన్నాడు నెమ్మదిగా. “వచ్చే వేసవికి ఇంకో చోటు ఉంటుంది. అప్పుడు గనక...”

“కావాలండీ!”

ఆయన మాట ఇంకా పూర్తి కాలేదు. అంత సిగ్గుమాలిన పని ఆమె జన్మలో చేయలేదట. పిన్నికి మాత్రం చెప్పలేదు.

మరుసటి వేసవిలో ఆ కాగితాలు చదివింది. మెలికల రాతలో ఒకచోట తన ఊరి పేరు, దాని కింద ముగ్గురు అద్దకంవాళ్ల పేర్లు, డచ్చి నోట్లో పడి నలిగి వంకరైపోయి కనిపించాయట. వాటిని ఒకటికి రెండుసార్లు పైకి చదివి సరిచేశానని హెండ్రికా గారితో చెప్పింది. నేను చూడలేదు. అప్పటికి నాతో పని లేక అలమరలో ఉన్నాను. పాఠం వచ్చేశాక మా జాతికి పట్టే గతి అదే, దానికి నొచ్చుకోవడం దండగ.

ఆ ఏడాది నరసాపురం నుంచి విల్సన్ బాబు అనే కొత్త విద్యార్థి వచ్చాడు. సత్యవేణి నన్ను దులిపి తీసుకెళ్లి, భోజనశాల ముందు అతనికి చూపించింది.

“నిఘంటువు. సగమే అనుకో. కావాలా?”

అతని కళ్లు మెరిశాయి. “అబ్బే, ఎందుకులెండక్కా, మీకు పనికొస్తుంది.”

“సరే అయితే” అని నన్ను సంచిలో పడేసుకుని సైకిలెక్కింది.

సంచి మూతి సందులోంచి నేను అతని మొహం చూశాను. అరవాలనిపించింది. వేల మాటలున్నాయి, నోరు లేదు. మలుపు దగ్గర సైకిలు గట్టిగా బ్రేకు పడి ఆగింది. “ఛీ, నా మతి మండ!” అనుకుంటూ ఆమె వెనక్కి తిరిగింది.

“తీసుకో విల్సన్.”

“వద్దక్కా, నిజంగా...”

మూడోసారి అనడానికి ఆమె నోరు తెరిచేలోపే నేను అతని చేతుల్లో ఉన్నాను.