రెండు గుండీలు

జిల్ ఆష్‌బీ అడిగింది ఒకే ఒక్క వాక్యం. శుక్రవారంలోగా పంపితే చాలునని రాసింది.

ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందట జిల్ తండ్రి నిర్మించిన సినిమాను ఇప్పుడు శుభ్రం చేస్తున్నారు. గీతలు, మరకలు తీసేస్తున్నారు. పనిలో పనిగా వంటింటి సన్నివేశంలోని తప్పును కూడా సరిచేయించాలని జిల్ కోరిక. పోయేదాకా ఆయన మనసులో అది ముల్లులా ఉండిపోయిందట. నటి స్వెటర్‌కు ఊడి ఉన్న రెండు గుండీలను కంప్యూటర్ మీద పెట్టేయడం ఈ రోజుల్లో పెద్ద పనేమీ కాదు. అయితే శుభ్రం చేసేవాళ్ళు ఒక షరతు పెట్టారు. అది దర్శకుడు కావాలని చేయించింది కాదనీ, పొరపాటేననీ అప్పట్లో దాని బాధ్యత ఉన్న మనిషి రాసివ్వాలి. దర్శకుడు రస్ డెల్‌బ్రిడ్జ్ చనిపోయాడు. మిగిలింది బెరిల్ హాస్కెట్.

బెరిల్ కంటిన్యుటీ మనిషి. ఒక షాటుకూ ఇంకో షాటుకూ మధ్య కప్పులో టీ పెరగకుండా, గడియారం వెనక్కి నడవకుండా, తడిసిన జుట్టు ఉన్నట్టుండి ఆరిపోకుండా చూడటం ఆమె ఉద్యోగం. పద్నాలుగు సినిమాల్లో ఆమెను ఎవరూ వేలెత్తి చూపలేదు. పదిహేనోది, పనివాళ్ళు తమలో తాము ఉన్ని కొట్టం సినిమా అని పిలుచుకున్నది, ఆమెను పట్టించింది. అందులో రైతు భార్య ఆకుపచ్చ ఉన్ని స్వెటర్ వేసుకుని వంటింట్లో నిలబడుతుంది. ఒక షాటులో ఐదు గుండీలూ పెట్టి ఉన్నాయి. తరువాతి షాటులో పైవి రెండు ఊడి ఉన్నాయి. ఒక పత్రిక దాన్ని పట్టుకుని పావు పేజీ నవ్వింది. ఆ తరువాత ఏ సెట్టుకు వెళ్ళినా ఆమె గుండీల బెరిల్. టీ వేళ ఎవడో ఒకడు ఆమెను చూసి చొక్కా గుండీలు తడుముకునేవాడు. అందరితో పాటు ఆమె కూడా నవ్వేది.

కాబట్టి ఉత్తరం వచ్చిన పూటే ఆమె ఆ వాక్యం రాసి పంపాల్సింది. ఇప్పుడామెకు డెబ్భై ఒకటి. మోసిన పేరును దింపుకునే దారి ఇంటికే వచ్చింది. పెన్ను తీసింది, మళ్ళీ పెట్టేసింది. ఎందుకని తనను తాను అడిగితే, బుధవారం క్లాసు అయ్యాక చూద్దాం అన్న జవాబు దొరికింది. అది జవాబు కాదని కూడా ఆమెకు తెలుసు.

సముద్రం ఒడ్డున ఆమె ఉండే సెమఫోర్‌లో, గ్రంథాలయం మేడ మీద పెద్దవాళ్ళ కోసం సినిమాలను విడమరిచి చూసే క్లాసు జరుగుతుంది. ఎనిమిది బుధవారాలు, ఎనిమిది సినిమాలు. జాబితాలో ఉన్ని కొట్టం సినిమా కనబడటం వల్లనే ఆమె చేరింది. అక్కడ ఆమె ఒట్టి బెరిల్. ఇంటిపేరు ఎవరూ అడగలేదు, తానేం పని చేసేదో ఆమె చెప్పలేదు. ఆ గుండీలు కొత్తవాళ్ళ కంట పడతాయో లేదో ఒక్కసారి పక్కన కూర్చుని చూడాలనుకుంది. వాళ్ళూ నవ్వితే సంతకం పెట్టేయొచ్చు.

క్లాసు చెప్పే ఈలియస్ కొరాలిస్‌కు నలభై లోపే. అతనిదొక పద్ధతి. సినిమాలోని ఒక ముక్కను రెండుసార్లు చూపిస్తాడు. తరువాత పది నిమిషాలు, తెర మీద కనిపించింది మాత్రమే రాయాలి. ఎందుకంటే, బహుశా, అన్నట్టుగా లాంటి మాటలు ఆ పది నిమిషాల్లో రాయకూడదు. మొదటి వారం ఇది విని, బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన కెవ్ చెయ్యెత్తాడు. “మా ఇంట్లో నలభై ఏళ్ళుగా ఇదే రూలు సారూ. ‘ఎందుకంటే’ అనడానికి నాకు పర్మిషన్ లేదు.”

ఆ బుధవారం తెర మీద వంటిల్లు వచ్చింది. బెరిల్ చెయ్యి పాత దారి పట్టింది. కప్పు చెవి ఎడమవైపు. రొట్టె మీద కత్తి, మొన గోడవైపు. భర్త కుర్చీలో, చొక్కా చేతులు మోచేతి దాకా మడిచి. స్వెటర్, ఐదు. కిటికీ దగ్గరి షాటు. స్వెటర్, మూడు. ఆ అంకె వేసేటప్పుడు పెన్సిల్ ఆగుతుందేమోనని చూసుకుంది. ఆగలేదు.

కెవ్ వెంటనే పట్టేశాడు. గుండీలు ఊడాయి, ఆ రోజు సెట్టులో ఎవరో కునుకు తీశారు అన్నాడు. నలుగురైదుగురు నవ్వారు. బెరిల్ కాగితం మీది తేదీని మళ్ళీ దిద్దింది. ఇక తేలిపోయిందనుకుంది.

అప్పుడు ప్రూ మాట్లాడింది. చాలాకాలం నర్సుగా చేసిన మనిషి, ఎక్కువగా నోరు విప్పదు. వార్డులో రోగులను చూడటానికి వచ్చేవాళ్ళ వేళ అయిపోయి కొందరి మొగుళ్ళు బయటికి వెళ్ళగానే, మంచం మీద ఉన్నవాళ్ళ చెయ్యి ముందు మెడ దగ్గరి గుండీకి పోయేదని చెప్పింది. తమ చెయ్యి అక్కడికి పోయిందని వాళ్ళకే తెలిసేది కాదట.

ఈలియస్ ముక్కను వెనక్కి తిప్పాడు. మొదటి షాటులో భర్త ఉన్నాడు, రెండో దాంట్లో లేడు. గుండీలు విప్పడం మనకు కనబడదు. విప్పుతుండగా చూస్తే అది ఆమె తీసుకున్న నిర్ణయం అనుకుంటాం. చూడలేదు గనక, అది ఆమెకు జరిగిపోయింది అన్నాడు. పదిహేనేళ్ళ వయసులో ఇంట్లో తల్లితో కలిసి ఈ సినిమా చూశాననీ, ఆ షాటు దగ్గర తల్లి లేచి వెళ్ళి పొయ్యి కట్టేసి వచ్చిందనీ, పొయ్యి మీద అప్పుడు ఏమీ లేదనీ చెప్పాడు.

కెవ్ ఊరుకోలేదు. “అది కాదయ్యా. తప్పుకీ టెక్నిక్కుకీ తేడా ఏంటసలు?”

“సెట్టులో ఒక్కరైనా చూసి వదిలేస్తే టెక్నిక్. ఎవరూ చూడకపోతే తప్పు. మన దగ్గరున్న ఈ ముక్కలో మాత్రం రెండూ ఒకేలా కనబడతాయి.” ఈలియస్ ఇటు తిరిగాడు. “బెరిల్, మీరేం రాశారు?”

“మొదటి దాంట్లో ఐదు. రెండో దాంట్లో మూడు.”

“అంతేనా?”

“నా పది నిమిషాలు ఇంకా కాలేదుగా.”

ఈవిడ పోలీసుల దగ్గర పనిచేసి ఉంటుందని కెవ్ గొణిగాడు. ఈసారి అందరూ నవ్వారు. బెరిల్ నవ్వడం మరిచిపోయింది.

సముద్రం పక్కన నడుస్తూ ఇంటికి వెళ్ళింది. చూసి వదిలేస్తే. ఆ మాట ఆమెలో ఎక్కడో తగిలి, కదలనిదాన్ని కదిపింది. తన జ్ఞాపకంలో ఆ షాటు ఎప్పుడూ ఒకేలా ఉండేది: తాను కాగితం మీదికి వంగి ఉంటుంది, తలెత్తేసరికి కెమెరా ఆగిపోయి ఉంటుంది. ఇప్పుడు మొదటిసారి, వంగి రాస్తున్న ఆ కాగితం మీద ఏముందని తనను తాను అడిగింది. ఏమీ లేదు. అంతకు ముందే అంతా రాసేసింది.

అది ఫిబ్రవరి, అక్కడ నడివేసవి. బర్రా ఊరి అవతల, రేకుల ఇల్లు, నలభై ఒక్క డిగ్రీల ఎండ. తీస్తున్నది చలికాలపు సన్నివేశం. రైతు భార్య వేషం వేసిన ఆనా వెల్బర్న్ అయిదు వారాలుగా ఆ ఉన్నిలో ఉడుకుతూ ఒక్క మాట అనలేదు. దీపాలు మారుస్తుండగా ఆమె పైగుండీలు రెండు విప్పుకుని కిటికీ దగ్గర నిలబడింది. భుజాలు కొంచెం కిందికి దిగాయి. బెరిల్ చూసింది. మెడలో పోలరాయిడ్ కెమెరా వేలాడుతోంది, ఎత్తలేదు. నోరు తెరిచింది. రస్ యాక్షన్ అన్నాడు. ఆమె నోరు మూసుకుంది.

అది కళ అని ఆమె అనుకోలేదు. ఏదైనా అనుకుందని ఇప్పుడు చెప్పుకున్నా అబద్ధమే అవుతుంది. ఒక మనిషి మెడకు గాలి తగులుతుంటే ఆపబుద్ధి కాలేదు, అంతవరకే నిజం.

వారం తరువాత, ఆ ఇంట్లో షూటింగ్ ముగిసిపోయాక, తెర మీద చూసి, చూడలేదా అని రస్ అడిగాడు. చూడలేదు అంది. ఆ వృత్తిలో చూడకపోవడం ఏమరుపాటు, దాన్ని క్షమిస్తారు. చూసి నోరు మూసుకున్న మనిషికి మళ్ళీ పని ఇవ్వరు. రెండు నేరాల్లో తేలికైనది ఎంచుకుని ఒప్పుకుంది, ఒప్పుకున్నదాన్ని నమ్మింది. గుండీల బెరిల్ అన్న పేరును అంత ఓపికగా మోయడంలో తనకేదో లాభం ఉండేదని ఇప్పుడు తెలిసింది.

గురువారం ఉదయం అరలోంచి పాత కంటిన్యుటీ ఫారం ఒకటి తీసింది. సన్నివేశం, షాటు, దుస్తులు. కారణం రాయడానికి ఆ ఫారంలో గడి ఉండదు. అడుగున వ్యాఖ్యలకు ఒక గీత ఉంటుంది. అక్కడ రాసింది: ‘చూశాను. ఆపలేదు. పొరపాటని రాసివ్వలేను.’ ఫోటో తీసి జిల్‌కు పంపింది.

మధ్యాహ్నం ఫోను మోగింది.

“నాన్నకి తెలుసా ఇది?” అంది జిల్.

“లేదు. రస్‌కీ తెలీదు. అప్పుడే చెప్పి ఉంటే ఇంకోసారి తీసేవాడు.”

“మిమ్మల్ని ఎవరేమన్నా నాన్న వెనకేసుకొచ్చేవాడు, తెలుసా. మనిషన్నాక కన్ను ఏమారుతుంది, బెరిల్‌ని వదిలెయ్యండి అనేవాడు.”

“ఏమారలేదు జిల్.”

బెరిల్ అలవాటుకొద్దీ గోడ గడియారం చూసి ఫారం మూలన టైము రాసుకుంది.

“ఆ గుండీలను ముట్టుకోవద్దని వాళ్ళకి చెప్తాను,” అని జిల్ ఫోను పెట్టేసింది.