మళ్లీ అరిగిన సీటు

స్పాంజిని రంగులో ముంచి, గిన్నె అంచుకు ఒత్తి, కారు సీటు మీద మెల్లగా అద్దుతోంది అక్క. రుద్దకూడదు, అద్దాలి. పలచగా ఒక పూత, అది ఆరాక ఇంకొకటి. అంతకుముందే సబ్బు నురగతో మురికి వదలగొట్టి, సన్నటి ఉప్పుకాగితంతో పగుళ్లు నునుపు చేసింది. వెలిసి బూడిదరంగుకు తిరిగిన తోలు తన చేతికింద మళ్లీ గోధుమరంగు తేలుతుంటే, ఇన్నేళ్ల తర్వాత కూడా ఆమెకు లోపల గిలిగింతగానే ఉంటుంది.

కార్లు బాగుచేసే ఆ షెడ్డు తమ్ముడిది. ఇంజన్ల పని అతనిది, సీట్ల పని ఆమెది. పెళ్లయిన కొన్నాళ్లకే భర్త పోతే తమ్ముడి దగ్గరికి వచ్చేసింది. ఊరికే కూర్చోవడం చేతకాక స్పాంజి పట్టుకుంది. పొట్టిగా, బొద్దుగా ఉంటుంది. గోళ్ల సందుల్లో ఎప్పుడూ ఏదో ఒక రంగు. తమ్ముడు అంటాడని మెకానిక్కులూ, వాళ్లంటారని కార్లవాళ్లూ, చివరికి ఆమెకంటే పెద్దవాళ్లు కూడా అక్కా అనే పిలుస్తారు.

మధ్యాహ్నం టాక్సీ ఆయన వచ్చాడు. పొడుగ్గా, కాస్త వంగి నడిచే మనిషి. భార్య పోయి చాలాకాలమైందని ఎప్పుడో సీటు ఆరేలోగా మాటల్లో చెప్పాడు. ఈమధ్య తరచుగా వస్తున్నాడు. సీటు మళ్లీ పాడైందన్నాడు, నేలచూపులు చూస్తూ.

అక్క కారు తలుపు తీసి వంగి చూసింది. డ్రైవరు సీటు అరిగేది ఎక్కి దిగే చోట, తలుపు వైపు అంచున. అక్కడ ఆమె వేసిన రంగు చెక్కుచెదరలేదు. గీతలు పడింది వీపు ఆనే చోట, నట్టనడుమ. అన్నీ ఒకే వాలులో బుద్ధిగా వరసకట్టి ఉన్నాయి. కుట్టు సందులో ఉప్పుకాగితం పొడి కూడా ఉంది.

నవ్వొచ్చింది. ఆపుకుంది.

“ఇది అరిగింది కాదండీ, అరగదీసింది” అంది.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. బుకాయించలేదు.

“రావడానికి వేరే వంక దొరకలేదండీ.”

సీటు మీద ఆమె చేయి అలాగే ఆగిపోయింది. అప్పుడు తట్టింది. షెడ్డులో కాలుపెట్టిన ప్రతివాళ్లూ అక్కా అన్నారు. ఈయన మాత్రం మొదటినుంచీ ‘ఏమండీ’ అనే అన్నాడు. ఒక్కసారైనా నోరుజారలేదు.

ఆమె రంగు కలిపి అద్దసాగింది. చేయి అలవాటుగా కదులుతోంది గానీ ధ్యాస పని మీద లేదు. ఈ వయసులో ఇదేం సంబరమని నలుగురూ నవ్వుతారేమో. తమ్ముడు ఏమనుకుంటాడో. అయినా, తనను చూడడానికి ఒక మనిషి సొంత కారు సీటు తనే గీక్కున్నాడని తలుచుకుంటే, ఎంత బిగబట్టినా పెదవులు విచ్చుకుంటున్నాయి.

సాయంత్రానికి సీటు ఆరింది. ఏటి ఒడ్డు దాకా వెళ్లొద్దామా అని ఆయన అడిగాడు, గొంతు సవరించుకుని.

ఆమె తమ్ముడి వైపు చూసింది. అతను బానెట్ కింద తలపెట్టి అంతా వింటూనే ఉన్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు:

“వెళ్లిరా అక్కా. లేకపోతే ఈసారి సీటు చింపుకొస్తారు. కుట్టుపని మనకు రాదు.”

ఆమె చేతులు కడుక్కుని, ముందు తలుపు తీసుకుని ఆయన పక్కన కూర్చుంది. కారు చప్పుడు లేకుండా వీధి మలుపు తిరిగింది.

చీకటి పడుతుంటే తమ్ముడు షట్టర్ సగం దించి ఆగాడు. రంగు మరకల పని చెప్పులతోనే కారెక్కేసింది అక్క. వీధిలోకి వేసుకెళ్లే మంచి జత గోడవార, తుడిచి పెట్టింది పెట్టినట్టే ఉంది.