రెండు డ్యూటీల కాపురం

లైనక్క ఇంట్లో మంచం ఏనాడూ చల్లబడి ఎరగదు. తెల్లారి ఆమె లేచి, తనకా పేరు తెచ్చిన రొట్టెల ఫ్యాక్టరీ బెల్టు లైనుకి బయలుదేరేసరికి, రాత్రంతా గాజు బట్టీ ముందు ఉడికిన మొగుడు వచ్చి పరుపు మీది అదే గుంటలో ఒరిగేవాడు. సాయంత్రం ఆమె తిరిగొచ్చేసరికి ఆయన చెప్పులేసుకుంటూ ఉండేవాడు. గుమ్మం దగ్గర ఎదురుపడ్డప్పుడు మాట్లాడుకునేది రెండు ముక్కలు. కుళాయి కారుతోంది. కూర మీద మూత పెట్టాను. అంతే. ఒక్కగానొక్క కూతురు కూడా ఇద్దరి చేతుల్లోనూ వంతులవారీగానే పెరిగి, పెళ్ళి చేసుకుని తన ఇంటికి వెళ్ళిపోయింది.

ఇదంతా వాళ్ళ నుదుటి రాత అని చుట్టాలు జాలిపడేవారు. నుదుటి రాత కాదు, గాడిద గుడ్డూ కాదు. డ్యూటీ చార్టు రాసేది మేనేజరు. ఆ మేనేజరు మాత్రం ప్రతి రాత్రీ పెళ్ళాం పక్కనే పడుకునేవాడు.

ఇప్పుడా గాజు ఫ్యాక్టరీ వాళ్ళు రాత్రి డ్యూటీ ఎత్తేస్తున్నామన్నారు. బట్టీ ఆర్పేస్తారు. ఆయనకి రెండు దారులు చూపించారు. దూరాన ఇంకో ఊళ్ళో వాళ్ళదే పెద్ద బట్టీ ఉంది. అక్కడికి పోతే పాత పనే, పాత రాత్రులే, ఉండటానికి షెడ్డులో ఓ గది. కాదంటే ఇక్కడే పగటి పూట ప్యాకింగ్. అక్కడి బట్టీలో పోసి పంపిన సీసాల్ని ఇక్కడ పెట్టెల్లో సర్దడం. ఆలోచించుకోడానికి కొన్నాళ్ళు సెలవిచ్చి, అది ముగిసేలోగా ఏదో ఒకటి తేల్చి చెప్పమన్నారు.

ఆయన తేల్చలేదు. లైనక్క అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని ఆమె గుబులు.

లైనక్క కూడా సెలవు పెట్టింది. బండి ఇచ్చింది మరిది. ప్లంబరు పని చేస్తాడు. పాత వ్యాను ఒకటి కొని, వెనక భాగంలో మంచం, గ్యాసు పొయ్యి, చిన్న సింకు తనే బిగించాడు. లోకంలో అందరి కుళాయిలూ బాగుచేస్తాడు గానీ తన బండిలో కుళాయి మాత్రం కారుతూనే ఉంటుంది. తాళాలు తెచ్చి వదిన చేతిలో పెట్టాడు.

"సముద్రం ఒడ్డున బండ్లు ఆపుకునే చోటు ఉంది వదినా. కుక్కల్ని కూడా రానిస్తారు. వెళ్ళి నాలుగు రోజులు ఒకళ్ళనొకళ్ళు చూసుకోండి. అసలు మా అన్న మొహం పగటి వెలుతుర్లో ఎలా ఉంటుందో నీకు తెలుసా?"

"తెలుసులే. నీ మొహంలాగే ఉంటుంది. అందుకే ఎక్కువ చూడను," అంది లైనక్క.

బండిలోకి ఇద్దరు మనుషులు, రెండు కుక్కలు ఎక్కారు. బూడిద అనే ముసలిది, ఆయన కుక్క. పగలంతా ఆయన కాళ్ళ దగ్గర పడుకునేది. గోల అనే కుర్రది, ఆమె కుక్క. రాత్రిళ్ళు ఆమె మంచం కింద దొర్లేది. కుక్కలు కూడా డ్యూటీలు పంచుకున్న ఇల్లు అది.

ఒడ్డున బండ్లు వరసగా ఆగి ఉన్నాయి. వెనక కంచె, మధ్యలో ఒక నీళ్ళ పంపు, ముందు ఇసుక, ఆ తర్వాత సముద్రం. లైనక్క మడత కుర్చీ వేసుకుని కూర్చుంది. కూర్చున్నాకే తెలిసింది ఒంట్లో ఎంత అలసట పేరుకుందో. ఫ్యాక్టరీలో నిలబడ్డన్నాళ్ళూ నోరు మూసుకున్న కీళ్ళు, ఇప్పుడు ఒక్కొక్కటే అర్జీ పెట్టుకోవడం మొదలెట్టాయి. గోల నురగ మీదికి ఉరికి మొరిగింది, నురగ వెనక్కి పోతే తానే తరిమేశాననుకుని తోక ఊపుకుంటూ వచ్చింది. బూడిద ఇసుకలో చిన్న గొయ్యి తవ్వుకుని అందులో ఇమిడిపోయింది. వచ్చిన నలుగురిలో విశ్రాంతి తీసుకోవడం తెలిసింది దానికొక్కదానికే.

పనిలేని మనిషి హాయిగా నిద్రపోతాడని పని చేయనివాళ్ళు అనుకుంటారు. చీకటి పడగానే లైనక్క కళ్ళు మూతలు పడేవి. ఆయన బయట కుర్చీలో కూర్చుని బూడిద మెడ నిమురుతూ ఉండేవాడు. తెల్లారి ఆమె లేచి తలుపు తీస్తే ఆయన లోపలికొచ్చి ఆమె లేచిన చోటే పడుకునేవాడు. ఇంత దూరం వచ్చి, ఇంత సముద్రం ముందర, మళ్ళీ అదే మంచం, అవే వంతులు.

"పక్కన చోటుంది కదయ్యా. రాత్రి వచ్చి పడుకోవచ్చుగా," అందామె ఓ పొద్దున.

"నిద్ర పట్టదే. నువ్వు కదిలితే ఎవరో దొంగ దూరినట్టుంటుంది."

"మన దగ్గర దొంగ పట్టుకుపోయేదేముంది? ఆ కుక్కలు కూడా తిండి దండగ."

ఆయన నవ్వి అటు తిరిగి పడుకున్నాడు. ఆ నవ్వు ఆమెకి కొత్త. ఎప్పటినుంచి అలా ఒక పక్కకి నవ్వుతున్నాడో ఆమెకి గుర్తు రాలేదు.

వాళ్ళింట్లో ఒక కట్టుబాటు ఉంది. డ్యూటీ దిగి ఎవరు గుమ్మంలోకి వస్తే వాళ్ళు కుక్కలకి తిండి పెట్టాలి. ఒకరికొకరు చెప్పుకునే పని లేదు, కాబట్టి మాట కూడా అక్కర్లేదు. ఒడ్డుకొచ్చాక అదే నడిచింది. పొద్దున ఆమె కొట్టు దాకా పోయి రొట్టె తెచ్చి వాటికి పెట్టేది. సాయంత్రం ఆయన ఇసుకలో తిరిగొచ్చి పెట్టేవాడు. ఎవరో ఒకరు బయట్నుంచి వస్తూ ఉన్నారు గనక లోపం బయటపడలేదు.

ఒకరోజు గాలి లేచింది. ఇసుక ఎగిరి కళ్ళల్లో కొడుతోంది. ఇద్దరూ బండిలోనే ఉండిపోయారు. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆమె బట్టలు మడిచింది, మడిచినవే విప్పి మళ్ళీ మడిచింది. ఎవరూ బయటికి పోలేదు, ఎవరూ లోపలికి రాలేదు. కుక్కలకి పెట్టాలన్న ఊహ ఇద్దరిలో ఒక్కరికీ రాలేదు. గోల మూలిగితే గాలికి భయపడుతోందనుకుంది ఆమె. బూడిద ఖాళీ గిన్నెని మూతితో నెడితే, ముసలితనంలో ఆటలేమిటే అన్నాడు ఆయన.

సాయంత్రం గాలి తగ్గాక తలుపు తీసి టీ పెట్టుకున్నారు. తాగి చూసేసరికి బూడిద లేదు.

"దానికి పెట్టావా?" అన్నాడు ఆయన.

"నేనెక్కడ పెట్టాను? నువ్వు పెట్టలేదూ?"

"నేనెక్కడికీ వెళ్ళలేదుగా."

"నేనూ వెళ్ళలేదు."

అది ఎంత అడ్డగోలు జవాబో వాళ్ళిద్దరికీ తప్ప లోకంలో ఎవరికైనా తెలుస్తుంది. కాసేపటికి వాళ్ళకీ తెలిసింది. ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. గోలకి ఇంత రొట్టె పడేసి, దాన్ని బండిలో ఉంచి, వెతకడానికి బయలుదేరారు.

ఆయన "బూడిదా, బూడిదా" అని పిలుస్తూ నడిచాడు.

"కళ్ళు సరిగ్గా ఆనవు దానికి. నీళ్ళల్లోకి పోయిందేమోనే."

"ఆకలేసిన కుక్క నీళ్ళల్లోకెందుకు పోతుంది? తిండి వాసన వచ్చే చోటికి పోతుంది," అంది లైనక్క. ఇంకాస్త దూరం నడిచాక, తనకే తెలియకుండా, ఇన్నాళ్ళూ అడగనిది మరో రూపంలో నోట్లోంచి వచ్చేసింది. "ఆ ఊరు పోతే దీన్ని తీసుకెళ్తావా?"

ఆయన ఆగిపోయాడు.

"షెడ్డులో కుక్కల్ని ఉండనివ్వరట."

"అయితే కనుక్కున్నావన్నమాట."

"ఊరికే అడిగాను."

"ఊరికే ఎవరూ కుక్క సంగతి అడగరు. పోవాలనుకున్నవాళ్ళే అడుగుతారు."

ఒకప్పుడు ధర్నాలో, ఫ్యాక్టరీ గేటు ముందు మేనేజరుని నిలబెట్టి కడిగేసిన మనిషి ఆమె. ఇప్పుడు మొగుణ్ణి కడిగేయాలి. కానీ కోపానికి కూడా ఒంట్లో కాస్త సత్తువ ఉండాలి. ఆమె ఇసుకలో కాళ్ళీడ్చుకుంటూ ముందుకు నడిచింది.

వరసలో చివరి బండి ఒక రిటైరైన నర్సుది. ఆవిడ మెట్టు దగ్గర బూడిద కూర్చుని పళ్ళెం నాకుతోంది.

"మీదేనా ఇది? అయితే ఇలా వెలుతుర్లోకి రండి," అంది నర్సు. "ముసలి కుక్కని పస్తు పెట్టిన మహానుభావులు ఎలా ఉంటారో చూడనివ్వండి."

"పొరపాటైందమ్మా," అన్నాడు ఆయన. "ఈవిడ పెట్టిందనుకుని నేను, నేను పెట్టాననుకుని ఈవిడ..."

"ఇద్దరూ ఒక బండిలోనే ఉంటున్నారా?"

"ఒకటే."

"చూస్తే అలా లేదు మరి."

"ఆయనది ఎప్పుడూ రాత్రి డ్యూటీ. నాది పగలు. అలవాటు తప్పింది, అంతే," అంది లైనక్క. ఇంత జరిగాక మొగుణ్ణి ఎందుకు వెనకేసుకొచ్చిందో ఆమెకే తెలియలేదు.

నర్సు గొంతు తగ్గింది. "నేనూ చేశాను తల్లీ రాత్రి డ్యూటీలు. మానేసి పగలు ఇంట్లో కూర్చుంటే అందరూ కొత్తవాళ్ళు. మళ్ళీ మొదట్నుంచీ పరిచయం చేసుకోవాల్సొచ్చింది. మా ఆయన నాకంత ఓపిక లేదన్నాడు. పోయి ఇంకొకావిడతో కాపురం పెట్టాడు." పళ్ళెం తీసి కడగడానికి లోపలికి పోతూ, "రేపు కూడా మర్చిపోతే దీన్ని నాకిచ్చేయండి," అంది.

బూడిదని నడిపించుకుంటూ తిరిగొచ్చి ఇద్దరూ బండి మెట్టు మీద కూర్చున్నారు. మెట్టు ఇరుకు, భుజాలు తగులుతున్నాయి.

"చెప్పు. ఎందుకు పోదామనుకున్నావు?" అంది లైనక్క.

"ప్యాకింగ్‌లో అందరూ ఆడవాళ్ళే. బట్టీ మనిషిని. నేను పోయి సీసాలు సర్దాలా?"

"ఇన్నాళ్ళూ నేను రొట్టెలు సర్దట్లేదా?"

"అది వేరు."

"ఏం వేరు?"

ఆయన బూడిద మెడ నిమిరి, "అదొక్కటే కాదు," అన్నాడు. "పొద్దస్తమానం నువ్వు ఎదురుగా ఉంటే ఏం మాట్లాడాలో నాకు తెలీదే. భయం. ఇందాక చూశాను, నువ్వు టీలో పంచదార వేసుకోవట్లేదు."

"ఎప్పుడో మానేశాను."

"చెప్పలేదు."

"ఎక్కడ చెప్పను, గుమ్మం దగ్గరా?"

ఏ యూనియన్ అర్జీలోనూ ఈ సంగతి ఎక్కలేదు. జీతం రాశారు, వేడి రాశారు, తెగిన వేళ్ళు రాశారు. ఒక మనిషి నుంచి పెళ్ళాం టీ రుచిని కూడా లాక్కున్నారని రాయలేదు. రాయడానికి అది పోయినట్టు వీళ్ళకే తెలియలేదు.

"నేను బతిమాలనయ్యా," అంది లైనక్క. "ఓపిక లేదు. నీ కోసం ఇంకో ధర్నా చేయలేను. పోతే పో. కానీ పండక్కో పబ్బానికో మొహం చూపించే చుట్టంలా మాత్రం రాకు. చుట్టాలకి వండి పెట్టే ఓపిక అసలే లేదు."

ఆ రాత్రి ఆయన బయట కూర్చోకుండా లోపలికొచ్చి ఆమె పక్కన దూలంలా పడుకున్నాడు. ఆమెకి అప్పటికే నిద్ర ముంచుకొచ్చింది.

పొద్దున లేచేసరికి ఆయన కళ్ళు తెరుచుకునే ఉన్నాయి, ఎర్రగా.

"పడుకోలేదా?"

"నువ్వు నిద్రలో మాట్లాడతావా?" అన్నాడు ఆయన.

"ఏమో. ఎవరు చెప్తారు నాకు? ఏమన్నాను?"

"పెట్టె వంగింది, తియ్యండి, బెల్టు ఆపండి అన్నావు. ఎంతసేపో అన్నావు. ఎవరూ ఆపినట్టు లేదు. తిట్టావు కూడా."

"ఎవర్ని?"

"మేనేజరుని అనుకున్నాను. చివర్లో నా పేరొచ్చింది."

లైనక్కకి నవ్వు సగం దాకా వచ్చి ఆగింది. ఆయన లేచి, మొహం కడుక్కుని, ఫోను తీసుకుని బయటికెళ్ళాడు. ఫోర్‌మన్‌తో మాట్లాడుతున్న గొంతు కిటికీలోంచి వినబడింది.

"నేనే. పగటి డ్యూటీకి రాసేయండి... ఆఁ, ప్యాకింగే... నవ్వుకోండి సార్, కావలసినంత నవ్వుకోండి. నవ్వడం అయ్యాక రాయండి... లేదు, ఆ ఊరు పోను."

లోపలికొచ్చి మంచం అంచున కూర్చున్నాడు. గెలిచిన మొహం కాదు. రాత్రంతా బట్టీకి బొగ్గు వేసి వచ్చినవాడిలా చేతులు ఒళ్ళో వేలాడుతున్నాయి. ఆమె కూడా సంతోషం ప్రకటించలేదు. గ్యాసు పొయ్యి వెలిగించి గిన్నె పెట్టింది.

"డ్యూటీలో అంతసేపు నిలబడితే కాళ్ళు లాగవా నీకు?" అన్నాడు ఆయన.

"లాగుతాయి."

"ఎక్కడ?"

ఆమె వంగి పిక్క వెనక చెయ్యి పెట్టి చూపించింది. అక్కడ నరాలు నీలంగా ముడిపడి ఉన్నాయి. ఆయన వాటిని మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. మొదటిసారే.

"మొదట్లో నడుం పట్టేస్తుంది. తర్వాత కాళ్ళకి దిగుతుంది," అంది లైనక్క. "పోను పోను అలవాటవుతుందని చెప్తారు వాళ్ళు. నమ్మకు. కాదు."