ఏకాగ్రత పాఠం

ప్రెస్ మెషీన్‌లో పడి ఇద్దరి వేళ్లు తెగాక, ఫ్యాక్టరీ మేనేజరు నన్ను పిలిపించాడు. నేను సైకాలజిస్టుని, పనిచోట భద్రత గురించి శిక్షణ ఇస్తుంటాను.

"వీళ్లకి పనిమీద ధ్యాసే ఉండదు మేడమ్. కాస్త ఏకాగ్రత నేర్పండి," అన్నాడు మెషీన్ చూపిస్తూ.

చేతులు లోపలికి పోకుండా దానికి ఉండాల్సిన జాలీ లేదు. ఏదని అడిగాను.

"అదుంటే పని నత్తనడకే. నేనే తీయించేశా," అన్నాడు దర్జాగా.

నాకు ఒళ్లు మండిపోయింది.

"అయితే మొదటి పాఠం మీకే. చెయ్యి పెట్టండి అందులో."

మెషీన్ దడదడలాడుతూనే ఉంది. అతను గబుక్కున రెండు చేతులూ వెనక్కి దాచుకున్నాడు. పనివాళ్లంతా చూస్తున్నారు.

"అబ్బో, మీ ధ్యాస భేషుగ్గా ఉంది! వీళ్లకీ అంతే ఉంది. లేనిది జాలీ ఒక్కటే."