పన్నెండో కుర్చీ

బేబీ ముసలామెను ఎడమపక్కకు దొర్లించి, వీపు మీద ఎర్రబడిన చోటును గోరువెచ్చటి నీళ్ళలో ముంచి పిండిన గుడ్డతో తుడుస్తోంది. తుడిచి, ఆరనిచ్చి, పౌడరు చల్లి, ముడతల్లో ఉండలు కట్టకుండా అరచేత్తో సర్దింది. వెడల్పాటి చెయ్యి. సబ్బునీళ్ళకు నాని నాని వేళ్ళ కొసలు ఎప్పుడూ తెల్లగా ఉబ్బి ఉంటాయి.

"దుప్పటి ముడత పడిండాది" అంది పార్వతమ్మ, వంకర తిరిగిన మూతిలోంచి.

"నీ వీపే ముడత, అవ్వా. దుప్పటి బాగానే ఉండాది" అంది బేబీ, ఆమె చెవిలో జారిన చెవి మిషనును సర్దుతూ.

పార్వతమ్మ బెంగళూరు నగర్తపేటలో భర్త పోయాక కూడా జరీ అంగడి నడిపిన మనిషి. పక్షవాతంతో కుడివైపు పడిపోయాక కొడుకు హరీశ్ ఆమెను హూడిలోని తన ఫ్లాటుకు తీసుకొచ్చాడు. తీసుకొచ్చి ఒక గదిలో పెట్టాడు. రోజూ ఆఫీసుకు వెళ్ళేముందు గుమ్మంలో నిలబడి, "ఎట్ల ఉండావమ్మా?" అని అడిగి, జవాబు రాకముందే వాచీ చూసుకుంటాడు. కోడలు సుమ ఆ గుమ్మం కూడా దాటదు. ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని, "మీరు దేవతలాంటివారు బేబీగారూ, మా వల్ల అయితే కాదు" అంటుంది. ఆ మాట విన్న ప్రతిసారీ బేబీకి బకెట్‌లో నీళ్ళు ఆమె ముఖాన కొట్టాలనిపించేది.

ముసలామె నయం. మొదటి నెలంతా బేబీ చేతి నీళ్ళు ఉమ్మేసింది. "మీ కులమేమే?" అని అడిగింది. బేబీ చెప్పింది. మళ్ళీ ఉమ్మింది. దాహం ఎక్కువైన ఒక మధ్యాహ్నం మింగింది. ఉమ్మినప్పుడు ఉమ్మింది, మింగినప్పుడు మింగింది. దేవత అనలేదు. ఆ ఇంట్లో బేబీ కాస్త గౌరవించింది ఆమెనే.

సేవ అనే మాట బేబీకి పుట్టుకతో అంటుకుంది. కుప్పం దగ్గర మిషను ఆసుపత్రిలో పుట్టింది. తల్లి పేరు మునివెంకటమ్మ. అక్కడే నేల తుడిచేది. పుట్టిన పిల్లకు పేరు పెట్టే తీరిక ఎవరికీ లేక, ఉయ్యాలకు కట్టిన చీటీమీద 'మునివెంకటమ్మ బేబీ' అని రాశారు. యాభై దాటినా అదే పేరు మిగిలింది. హాస్టల్లో పెరిగింది. అన్నం ముందు కృతజ్ఞత, అన్నం తర్వాత కృతజ్ఞత, దొరసానులు ఇచ్చిన పాత గౌనుకు కృతజ్ఞత. పెళ్ళయ్యాక మొగుడు రెండేళ్ళు ఉండి ఎటో పోయాడు. అప్పటినుంచి బెంగళూరులో మంచాన పడ్డవాళ్ళ ఒళ్ళు కడుగుతోంది. ఎవరైనా "ఎంత సేవ!" అంటే, "సేవ కాదు సార్, పని" అంటుంది.

మధ్యాహ్నం స్టాన్లీ ఫోన్ చేశాడు. గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ సాఫ్ట్‌వేర్‌లో ఉంటాడు, బేబీ వెళ్ళే చర్చికి సెక్రెటరీ. ఆ రోజు పరిశుద్ధ గురువారం. యేసు శిష్యుల కాళ్ళు కడిగినదానికి గుర్తుగా సాయంత్రం పాస్టరుగారు పన్నెండుమంది కాళ్ళు కడుగుతారు. ఈ ఏడాది చర్చి పెద్దలవి వద్దు, వాచ్‌మెన్‌లు, ఆయాలు, ఊడ్చేవాళ్ళను పిలుద్దామని కమిటీ నిర్ణయించింది. పోయిన ఆదివారం మైకులో బేబీ పేరు చదివేశారు. వద్దంటే గర్వమంటారు, సరేనంటే తగ్గింపు, వినయం అంటారు. ఏదంటే తొందరగా వదిలేస్తారో అదే అంది.

"అక్కా, టైమ్‌కి వచ్చేయండి. చిన్న రిక్వెస్ట్. కాళ్ళు కొంచెం క్లీన్ చేసుకుని రండి. లైవ్ ఉంది కదా, క్లోజప్‌లో పడతాయి."

బేబీ ఫోన్ పెట్టేసి, బాత్‌రూమ్‌లోంచి రాయి తెచ్చుకుని, మంచం పక్కన నేలమీద కూర్చుని మడమలు రుద్దసాగింది. నెర్రెలిచ్చిన మడమలు. నెర్రెల్లో నల్లగా పేరుకున్నది రాయికి కూడా రాలేదు. పార్వతమ్మ తల తిప్పి చాలాసేపు చూసింది.

"ఏమే, పెండ్లికా?"

బేబీ సంగతి చెప్పింది. ముసలామె ఎడమ కంట్లో ఏదో మెరిసింది.

"కడిగించుకునేదానికి పోతా, ఈడే కడుక్కుంటా ఉండావా?"

బేబీ చేతిలో రాయి ఆగిపోయింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు ముసలామె నవ్వింది, గొంతులో గరగరలాడే నవ్వు. తర్వాత బేబీ నవ్వింది. నవ్వి నవ్వి ముసలామెకు దగ్గు పట్టుకుంటే లేపి కూర్చోబెట్టి వీపు రాసింది. ఇద్దరూ కలిసి నవ్వడం అదే మొదలు.

"సుమ్నే, ఊరికే కడగరే వాళ్ళు. ఏమో లాభం ఉంటాది" అంది పార్వతమ్మ ఆయాసం తగ్గాక. "పోయొచ్చి చెప్పు. ఎట్ల కడిగినారో, ఒక్కటీ విడిచిపెట్టకుండా చెప్పల్ల."

"చెప్తాలే."

బేబీ వచ్చేదాకా ఎవరో ఒకరు ఉండక తప్పదు కాబట్టి, సుమ ల్యాప్‌టాప్ పట్టుకుని మొదటిసారి గదిలోకి వచ్చి కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కుంది. బేబీ చీర మార్చుకుని బయల్దేరింది.

చర్చి అంటే హూడి మెయిన్ రోడ్డులో టైల్స్ అంగడి పైన అద్దె హాలు. వేదిక ముందు పన్నెండు కుర్చీలకు తెల్లగుడ్డలు తొడిగారు. బేబీది చివరి కుర్చీ. పక్కన కూర్చున్న వాచ్‌మెన్ సిగ్గుతో కాలివేళ్ళు ముడుచుకున్నాడు. నీళ్ళ టబ్బులో గులాబీ రేకులు వేశారు. రేకులెందుకో బేబీకి అర్థం కాలేదు. బహుశా వాసనకు భయపడి ఉంటారు.

పాస్టరుగారు నడుముకు తువ్వాలు చుట్టుకుని మోకాళ్ళమీద కదులుతూ వచ్చారు. వేళ్ళమీద జగ్గుతో నీళ్ళు పోస్తున్నారు, తువ్వాలు అద్దుతున్నారు, ముందుకు జరుగుతున్నారు. చెయ్యి తగలడం లేదు. నీళ్ళు తగులుతున్నాయి, గుడ్డ తగులుతోంది. బేబీ ఒక్కొక్కటే మనసులో పెట్టుకుంది, ముసలామెకు చెప్పడానికి. ముందు వరుసలో ఒకామె కళ్ళు తుడుచుకుంటోంది. ఎవరి కాళ్ళు చూసి ఏడుస్తోందో. ఆమె ఇంట్లో పనిమనిషికి గ్లాసు వేరే అని బేబీకి తెలుసు.

పన్నెండో కుర్చీ దగ్గర పాస్టరుగారు నీళ్ళు పోశారు, తువ్వాలు అద్దారు. ఆ తర్వాత లేవలేదు. తల వంచుకుని అలాగే ఉండిపోయారు. ప్రార్థన చేస్తున్నారనుకుని గిటారు అబ్బాయి మెల్లగా వాయించాడు. హాలంతా కళ్ళు మూసుకుంది. ఎవరో వెక్కారు. కళ్ళు తెరిచి ఉన్నది బేబీ ఒక్కతే. ఆయన మోకాళ్ళు వణుకుతున్నాయి. కుర్చీ పట్టుకోబోయిన చెయ్యి తడికి జారింది.

"లేవలేకపోతున్నానమ్మా" అన్నారు, ఆమెకు మాత్రమే వినబడేలా.

బేబీ లేచింది. తడికాళ్ళు నేలకు అదిమిపెట్టి, ఆయన చంకల కింద చేతులు దూర్చి, "నా మెడ పట్టుకోండి సార్, బరువు నామీద వెయ్యండి" అంది. ఆయన నుదురు ఆమె భుజానికి ఆనింది. జండూబామ్ వాసన, చెమట వాసన. అందరిలాగే ఒక ముసలి ఒళ్ళు. రోజూ ఎత్తే బరువే. నిలబడ్డాక కూడా ఆయన ఒక క్షణం ఆమె చెయ్యి వదల్లేదు. ఆ క్షణంలో ఆయనమీద అసహ్యం కలగలేదు. కలగనందుకు బేబీకి తనమీద చిరాకేసింది.

ఆరాధన ముగిశాక స్టాన్లీ పరిగెత్తుకొచ్చాడు. "అక్కా, సరిగ్గా మెయిన్ షాట్‌లో మీ బ్యాక్ అడ్డమొచ్చింది. ఒక్కసారి మళ్ళీ కూర్చుంటారా? పాస్టరుగారు జస్ట్ అలా వంగితే చాలు."

"ఆయప్పను మళ్ళా వంచితే మళ్ళా నేనే లేపల్ల" అంది బేబీ. చెప్పులు వేసుకుని, అందరికీ పంచుతున్న బిర్యానీ పొట్లం తీసుకోకుండానే మెట్లు దిగింది.

దారంతా కథ కూర్చుకుంది. రేకుల దగ్గర మొదలుపెట్టాలి. తగలని చేతిని చేసి చూపించాలి. వెక్కినవాళ్ళను వెక్కి చూపించాలి. లేవలేకపోయిన చోట కాస్త ఆగాలి, ముసలామె "ఊ?" అనేదాకా. చివర స్టాన్లీ మాట. మళ్ళీ దగ్గొస్తుందేమో, పక్కన నీళ్ళు పెట్టుకుని చెప్పాలి. లిఫ్టులో ఒంటరిగా నవ్వుకుంది.

ఫ్లాటు తలుపు బార్లా తీసి ఉంది. గుమ్మం ముందు చాలా చెప్పులు ఉన్నాయి.

సుమ ఎదురొచ్చింది. ఏడ్చినట్టుంది. పడుకుందనుకున్నానని, పక్కనే కాల్‌లో ఉన్నానని, టీ తెచ్చి పిలిస్తే పలకలేదని చెప్పింది. హరీశ్ బేబీ చెయ్యి పట్టుకోబోయి మానుకున్నాడు. "అమ్మకు నువ్వు చేసిన సేవ మేం మరిచిపోయేది లేదు" అన్నాడు.

బేబీ గదిలోకి వెళ్ళబోతుంటే, పక్క బ్లాకులో ఉండే సుమ తల్లి నంజమ్మ గుమ్మంలోనే అడ్డం నిలబడింది. "నువ్వు కిరస్తానం కదమ్మా. ఇంక మేము చూసుకుంటాము. ఆడే ఉండు." మాట మర్యాదగానే ఉంది. బేబీ అక్కడే ఉంది. లోపల ఇద్దరు ఆడవాళ్ళు చీర కొంగులు దోపుకుని, దూరం నుంచి చెంబుతో నీళ్ళు పోసినట్టే, చెయ్యి తగలకుండా ముసలామె ఒంటిమీద తడిగుడ్డ విసురుగా తిప్పుతున్నారు. ముసలామె కుడిచెయ్యి మంచం అంచునుంచి జారి వేలాడుతుంటే ఎవరూ సర్దలేదు.

కింద బండి వచ్చిందని ఎవరో అరిస్తే అందరూ హాల్లోకి కదిలారు. బేబీ లోపలికి వెళ్ళింది. వేలాడుతున్న చేతిని ఎత్తి పొట్టమీద పెట్టింది. ఇంకా పూర్తిగా చల్లబడలేదు. మంచం పట్టీమీద చెయ్యి ఆనించి, రోజూ కూర్చునే చోటే కూర్చుంది.

"అవ్వా" అంది. "టబ్బులో రోజాపూలు ఏసినారు."

అలవాటుగా, ముసలామె 'ఊ?' అంటుందని ఆగింది. ఎవరో తీసి కిటికీ గట్టుమీద పెట్టిన చెవి మిషను, ఆపేవాళ్ళు లేక, సన్నగా ఈల వేస్తూనే ఉంది.