గురువారం సెలవు

కృప గ్రైండర్లో అట్ల పిండి రుబ్బుతుండగా, భర్త యేసుకుమార్ వంటింటి గుమ్మంలో నిలబడి శుభవార్తలా చెప్పాడు.

"గురువారం మనింట్లో ప్రార్థన కూడిక ఒప్పుకున్నాను. నువ్వు సెలవు పెట్టావుగా, క్యాలెండర్లో చూశాలే."

కృప గ్రైండర్ ఆపింది. ఆ సెలవు తన పీహెచ్‌డీ వైవా కోసం. ఇప్పటికే రెండుసార్లు వాయిదా వేయించుకుంది. ఒకసారి ఆడపడుచు పురుడు, ఒకసారి అత్తగారి కంటి ఆపరేషన్. ఇదీ తప్పితే పరీక్షించడానికి వచ్చే ప్రొఫెసర్ మళ్ళీ ఎప్పటికి దొరుకుతారో.

"ఆ రోజు నా వైవా అండీ."

"అదా! ఇంకో వారం అడుగు. ల్యాబులో నీ ఈస్టు ఎక్కడికి పోతుంది?"

హాల్లోంచి అత్తగారు అమలమ్మ అందుకుంది. "ముప్పైమంది వస్తారమ్మా. పునుగులు నువ్వేస్తేనే బావుంటాయి."

"సరే" అన్న మాట కృప నాలుక చివరిదాకా వచ్చింది. ఆరేళ్ళుగా పరిశోధనలో ఆమె చూస్తున్నది ఈస్టు కణంలో కాల్షియాన్ని. కణానికి అది కావాలి, కానీ కాస్త మించితే విషం. అందుకే ఎక్కువైనదాన్ని ఎప్పటికప్పుడు తన లోపలి సంచిలోకి తోడేసుకుంటుంది. ఆ తోడే పంపును తీసేసి, కాల్షియం దండిగా ఉన్న పళ్ళెంలో వేస్తే కణం ఇక పెరగదు. ఆ ఫలితం చూసిన రోజున ఆమెకు అత్తింటి మాటలన్నీ గుర్తొచ్చాయి. 'లెక్చరరైతే ఏం, చారు పెట్టడం రాదు.' 'ఇంత చదివి ఎవర్ని ఉద్ధరించాలట?' అన్నీ లోపలికి తోడేసుకుంది. తన పంపు బాగా పనిచేస్తోందని గర్వపడింది కూడా. గైడు సంపూర్ణమ్మగారు మాత్రం థీసిస్ చివరి అధ్యాయం మీద వేలు పెట్టి అన్నారు: "దాచుకోవడం సగం పనేనమ్మా. బయట ఉప్పు ఎక్కువై కణం కుంచించుకుపోతుంటే ఆ సంచే తెరుచుకుంటుంది. దాచిన కాల్షియం బయటికొస్తేనే కణం తనను కాపాడుకునే పని మొదలుపెడుతుంది. వైవాలో ఇదే అడుగుతారు, బాగా చూసుకో."

ఇప్పుడు కృపకు అది మళ్ళీ చూసుకోవలసిన అవసరం లేదనిపించింది.

చేతులు కడుక్కుని పాస్టరు సొలొమోనుగారికి ఫోన్ చేసింది.

"వందనాలు అయ్యగారూ, కృపనండి. గురువారం కూడిక మా ఇంట్లోనే. నేను మాత్రం ఉండనండి, నా పీహెచ్‌డీ పరీక్ష ఉంది. నా కోసం కూడా ప్రార్థన చేయండి. పునుగులా? మా ఆయన వేస్తారండి."

గుమ్మంలోంచి యేసుకుమార్, "నేనా?" అన్నాడు.

కృప గ్రైండర్ ముందు నుంచి పక్కకి జరిగి చోటిచ్చింది.

"రండి. పిండి ఎంత మెత్తగా నలగాలో చూపిస్తాను."