గట్టు మీద పన్నెండు పట్టలు

మొహిద్దీన్ బాషా నంబరును నా ఫోన్‌లో బ్లాక్ చేయించింది నేనే. సత్తెనపల్లిలో సెల్ షాపు గఫూర్ "బాషా గారి నంబరేగా ఇది, మీ పక్క కల్లం ఆయనది?" అని రెండుసార్లు అడిగాడు. "చెప్పింది చెయ్యవయ్యా" అని కసిరాను. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది, ఊరందరికీ తెలుసు.

మా ఊళ్ళో మిరపకాయ కోశాక కల్లంలో పదిహేను ఇరవై రోజులు ఎండబెడతాం. ఎండిన కాయకు వాన తగిలిందా, ఎరుపు పోయి తెల్లబారి తాలైపోతుంది. ఏడాది కష్టం గంగపాలు. బాషా కల్లానికీ నా కల్లానికీ మధ్య ఒక్క గట్టే అడ్డం. వానకు కాయ మీద కప్పే టార్పాలిన్ పట్టలు నావి ఆరు, అతనివి ఆరు, పన్నెండూ ఆ గట్టు మీద ఒకే కట్టగా ఉండేవి. మబ్బు పడితే, ఎవరి కాయ బాగా ఎండి ఉంటే దాన్ని ముందు కప్పేవాళ్ళం. పాతికేళ్ళలో నీదా నాదా అన్న మాటే రాలేదు.

ఈ ఏడు ఆ కట్ట విప్పింది కూడా నేనే.

దానికి కారణం అద్దాలాయన. ఆ పేరు మా ఆవిడ శివపార్వతి పెట్టింది. కళ్ళద్దాలు ముక్కు కొసకు జార్చి, బల్ల గుద్ది గుద్ది, అవతలి పార్టీని టీవీలో ఉతికి ఆరేసే విశ్లేషకుడు. మొదట్లో రోజుకో అరగంట చూసేవాణ్ణి. తర్వాత ఫోన్లోకీ వచ్చేశాడు. చేలో నీళ్ళు కడుతున్నా, అన్నం తింటున్నా చెవిలో ఆయనే. నా మనసులో ఉన్నదే చెబుతున్నాడే అని మురిసిపోయేవాణ్ణి. కొన్నాళ్ళకు, నా మనసులో ఏముందో ఆయన చెబితే గానీ నాకు తెలియని స్థితికి వచ్చాను.

ఒకరోజు టీ కొట్టు దగ్గర బాషా నవ్వుతూ అన్నాడు. "బావా, ఆయన చెప్పేదాంట్లో సగం నిజమే అయ్యుండొచ్చు. ఆ రెండో సగం మాత్రం ఎప్పుడూ చెప్పడేంది?"

నాకు ఒళ్ళు మండింది. "నువ్వు వాళ్ళ మనిషివి కదా, అట్టాగే అంటావ్. నెలకెంత జీతం ఇస్తున్నార్రా నీకు?" అన్నాను, పదిమందిలో.

బాషా మొహం చిన్నబోయింది. టీ గ్లాసు సగంలో పెట్టేసి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రమే నా ఆరు పట్టలూ లాక్కొచ్చి మా కొట్టంలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాను. మర్నాడే గఫూర్ దగ్గరికి వెళ్ళాను.

మార్చిలో వాతావరణ శాఖ నుంచి వాన కబురు వచ్చింది. రెండు రోజుల్లో జల్లులు పడతాయి, కల్లాల్లో కాయ జాగ్రత్త అన్నారు. ఆ రాత్రి అద్దాలాయన బల్ల గుద్దాడు. "వాన లేదు, గీన లేదు! రైతుని బెదరగొట్టి, సగం ఎండిన కాయని మిర్చి యార్డుకు తోలించి చవగ్గా కొట్టెయ్యడానికి అవతలి పార్టీ వ్యాపారులు పుట్టించిన పుకారిది!" ఆ వీడియో మా ఊరి రైతుల గ్రూపులో పెట్టి, కింద నా గొంతు కూడా తగిలించాను. "ఎవరూ కంగారు పడొద్దు. నాది పద్దెనిమిదో రోజు కాయ. నేనే కప్పట్లేదు."

మర్నాడు శివపార్వతిని తీసుకుని గుంటూరు వెళ్ళాను, బ్రాడీపేటలో కళ్ళ డాక్టరుకు చూపించుకోవాలని. పన్నెండు దాటాక కళ్ళలో చుక్కలు వేసి, గంట కళ్ళు మూసుకోమన్నారు. చూడ్డానికి లేదు కదాని చెవిలో అద్దాలాయనను పెట్టుకుని కూర్చున్నాను.

"ఏమయ్యో, బయట నల్లగా కమ్ముకొచ్చింది" అంది శివపార్వతి.

"అదంతా ప్రచారమే" అన్నాను.

"మబ్బు కూడానా?"

అంతలోనే చిటపటమంది. స్కూటర్ల వాళ్ళు పరుగెత్తుకొచ్చి ఆసుపత్రి వసారాలో నిలబడ్డారు. చెవిలోవి పీకేశాను. కల్లంలో రెండెకరాల కాయ, గలగలమని మోగుతూ, ఆకాశం కింద నోరు తెరుచుకుని ఉంది. శివపార్వతికి ఫోన్ లేదు. నా ఫోన్ నుంచి ఇద్దరు ముగ్గురికి చేస్తే ఎవరూ ఎత్తలేదు. వానలో ఎవరి కల్లానికి వాళ్ళు పరుగెత్తి ఉంటారు.

మసక కళ్ళతోనే బస్సెక్కాను. దారి పొడుగునా వానే. శివపార్వతి కొంగుతో నా కళ్ళు తుడుస్తూ కూర్చుంది. తిట్టినా బాగుండేది.

మేం ఆటో దిగేసరికి వాన వెలిసింది, ఇంకా పొద్దుంది. శివపార్వతి వెనకాల వస్తుంటే, బురదలో జారుతూ కల్లానికి వెళ్ళాను. నా కాయ రాశిగా కుప్పపోసి ఉంది. దాని మీద నీలం పట్టలు, చుట్టూ బరువుకు రాళ్ళు, నీళ్ళు పోవడానికి పారతో తీసిన కాలువ. పట్ట ఎత్తి చెయ్యి లోపల పెట్టాను. పొడిగా ఉంది. పట్ట అంచున పచ్చ నైలాన్ తాడు చేతికి తగిలింది. అలా తాడు కుట్టుకునేది బాషా ఒక్కడే. లెక్కపెడితే ఆరూ అతనివే.

గట్టుకు అవతల బాషా కాయ మీద గోనె సంచులు, వాళ్ళావిడ జోహరాబీ పాత చీరలు కప్పి ఉన్నాయి. సగం రాశి తడిసి ముద్దయింది. మొగుడూ పెళ్ళాం నీళ్ళు ఎత్తిపోస్తున్నారు.

"ఏందిరా ఇది?" అన్నాను.

"నాది మొన్న కోసిన పచ్చికాయ బావా. తడిసినా రేపు ఎండకు కొంత కోలుకుంటది. నీది పంతొమ్మిదో రోజు కాయ, ఒక్క జల్లుకు తాలయిపోయేది. ముందు ఎండిన కాయేగా మనం కప్పేది?"

"నా కొట్టం తాళం పగలగొడితే ఇంకో ఆరు పట్టలుండేయి కదరా!"

బాషా పార నేలకు ఆనించాడు. "జీతగాడన్నావ్. తాళం పగలగొడితే దొంగ కూడా అంటావేమోనని."

అక్కడే బురదలో కూలబడి ఏడ్చాను. అరవై రెండేళ్ళ మనిషిని, సిగ్గనిపించలేదు. జోహరాబీ వచ్చి, "లెండన్నా, ముందు ఈ నీళ్ళు తోడాల" అంది. లేచి మొలతాడు నుంచి తాళంచెవి తెంపి బాషా చేతిలో పెట్టాను. నలుగురం కలిసి నా పట్టలు తెచ్చి అతని కాయ కప్పేసరికి చీకటి పడింది.

ఇంటికొచ్చి టీవీ పెడితే అద్దాలాయన బల్ల గుద్దుతున్నాడు. "ఈ వాన సంగతి రైతుకు ముందే ఎందుకు చెప్పలేదు? ఎవడు బాధ్యుడు?"

శివపార్వతి కంచం పెడుతూ, "ఏమయ్యో, ఎవరు చెప్పలేదంట?" అంది. నేనే వెళ్ళి టీవీ కట్టేశాను. గ్రూపులో మళ్ళీ నా గొంతు పెట్టాను. "నిన్న నేను చెప్పింది తప్పు. నా మాట విని ఎవరి కాయన్నా తడిస్తే, రేపు వచ్చి మీ కల్లంలో పనిచేస్తా. నా కాయ నిలిచిందంటే బాషా పుణ్యం."

మూడు రోజులు ఆడవాళ్ళ మధ్య కూర్చుని బాషా కాయలో తాలు ఏరాను. నాలుగు బస్తాలు తేలింది. ఒక్కో తెల్లకాయ పట్టుకున్నప్పుడల్లా, ఇది నా కల్లంలోది కావలసిందే అనుకున్నాను. అద్దాలాయనకు ఇన్నేళ్ళు చెవులప్పగించాను, నేనున్నానని కూడా ఆయనకు తెలియదు. బాషాకు నా కాయ ఎన్నో రోజు ఎండుతోందో తెలుసు. ఇంతకన్నా అదృష్టం నాకేం కావాలి?

నాలుగో రోజు గఫూర్ దగ్గరికి వెళ్ళి బ్లాక్ తీయమన్నాను. అతను ఫోన్ నొక్కి, బ్లాకులో ఆగిపోయిన కాల్స్ జాబితా తీసి నా వైపు తిప్పాడు. "చెంచయ్య గారూ, వాన రోజు బాషా గారు తొమ్మిదిసార్లు చేశారండీ. పన్నెండున్నర నుంచి ఒంటిగంట లోపల."

ఆ అరగంటా నా చెవిలో ఎవరున్నారో నాకు తెలుసు.

అక్కడే నిలబడి బాషాకు ఫోన్ చేశాను. మొదటి మోతకే ఎత్తాడు.

"ఏంది బావా, మబ్బేమన్నా పట్టిందా?"

"లేదురా" అన్నాను. "నువ్వొకసారి నాకు చెయ్యి. మోగుద్దో లేదో చూసుకోవాల."